తన మాట – తన విలువ

అవమానం రెండు విధాలు. ఇతరులు చేసేది ఒకటి. మనిషి తనకు తాను చేసుకొనేది మరొకటి. మొదటిదానికి ఒక కాలం, ఒక చోటు ఉంటాయి. నవ్వినవారు నవ్వి తమ దారిన పోతారు. ఆ మాట అన్న సంగతి కూడా సాయంత్రానికి వారికి గుర్తుండదు. రెండవది అలా కాదు. అది మనిషి వెంట ఇంటికి వస్తుంది. రాత్రి పక్కమీదికి చేరుతుంది. మరునాడు అతని కంటె ముందే నిద్ర లేస్తుంది. ఎదుటివారి నవ్వును తన తీర్పుగా అంగీకరించిన క్షణం నుంచి మనిషిని తక్కువ చేయడానికి బయటివారు అక్కరలేదు. ఆ పనిని అతడే పూర్తిచేస్తాడు.

అందుచేత పోగొట్టుకొన్న ఆత్మగౌరవాన్ని తిరిగి పొందడమంటే నవ్వినవారిని ఓడించడం కాదు. తన లోపల స్థిరపడిపోయిన ఆ తీర్పును తానే మళ్లీ విచారణకు పెట్టడం. ఈ విచారణ ఎంత కష్టమైనదో, ఎంత అవసరమైనదో తెలుసుకోవడానికి శ్రీకాకుళం జిల్లాలోని నందిగాం ప్రాంతం నుంచి పైచదువుకోసం నగరానికి వెళ్లే ఒక విద్యార్థిని ఉదాహరణగా తీసుకోవచ్చు. అటువంటివారు ఏటేటా ఎందరో ఉంటారు. కనుక అతనికి ఇక్కడ ప్రత్యేకంగా పేరు అవసరం లేదు.

నందిగాం టెక్కలికి, పలాసకు నడుమ జాతీయ రహదారిపై ఉన్న మండల కేంద్రం. పడమటి దిక్కున తూర్పు కనుమల కొండలు కనిపిస్తాయి. తూర్పున నేల సముద్రం వైపు వాలుతుంది. పలాస దాటి తీరం వెంబడి సాగితే కొబ్బరి, జీడి, పనస చెట్లతో నిండిన ఉద్దానం. ‘ఉద్యానం’ అనే మాటే ‘ఉద్దానం’ అయిందని ఆ సీమవారు చెప్పుకొంటారు. పలాస–కాశీబుగ్గ జంట పట్టణం జీడిపప్పుకు పేరుపొందింది. చుట్టుపక్కల గ్రామాల స్త్రీలు ఎందరో అక్కడి పరిశ్రమలలో పనిచేసి సంసారాలు నడుపుకొంటారు. ఆ విద్యార్థి తల్లి కూడా వారిలో ఒకరు. తండ్రికి కొద్దిపాటి పొలం, ఎక్కువపాటి కూలి.

కుర్రవాడు టెక్కలిలో ఇంటర్మీడియట్ మంచి మార్కులతో పూర్తిచేసి, విశాఖపట్నంలోని ఒక కళాశాలలో చేరాడు. మొదటి వారంలోనే తరగతిలో అధ్యాపకులు ఒక ప్రశ్న వేశారు. సమాధానం తెలిసిన కొద్దిమందిలో అతడొకడు. ఉత్సాహంగా లేచి నిలిచి చెప్పాడు. చెప్పినది సరైనదే. కాని అది ‘ఏటంటే’ అనే మాటతో మొదలయింది. వెనుక బల్లలమీద నవ్వు పుట్టింది. ఆ నవ్వు ముందు బల్లలదాకా పాకింది. తక్కిన సమాధానాన్ని ఎవరూ వినలేదు. ఆ సాయంత్రానికి వసతిగృహంలో ‘ఏటంటే’ అన్నదే అతని పేరయింది.

మాటతో మొదలైనది ఊరిదాకా పోయింది. ఉద్దానం ప్రక్కనుంచి వచ్చాడని తెలిసి, “అక్కడి నీళ్లు తాగితే మూత్రపిండాలు పాడవుతాయటగా!” అని ఒకడు అన్నాడు. మరొకడు తన సీసాను దూరంగా జరిపి నవ్వించాడు. ఆ ప్రాంతాన్ని దీర్ఘకాలంగా మూత్రపిండాల వ్యాధి పీడిస్తున్న మాట నిజం. దానికి ఇదే కారణమని శాస్త్రజ్ఞులు ఇంకా ఏకాభిప్రాయానికి రాలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, మూత్రపిండ వ్యాధుల పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. ఒక జనసమూహం ఓర్చుకొంటున్న బాధ అది. 2018 అక్టోబరు 11న పలాస సమీపాన తీరం దాటిన తిత్లీ తుపాను తరాలుగా పెంచుకొన్న కొబ్బరి, జీడి తోటలను ఒక్క రాత్రిలో పడగొట్టింది. అదీ బాధే. ఐతే వెలుపలివారికి ఆ సీమ పేరు వినబడేది ఈ రెండింటి మూలంగానే. ఒకరి బాధ మరొకరికి గుర్తింపు చిహ్నమైతే, గుర్తుపట్టబడినవాడు తలవంచుకొంటాడు. నిజానికి తలవంచుకోవలసినది అతడు కాదు.

ఇంతవరకు జరిగినది ఇతరులు చేసిన అవమానం. దాని తరువాత రెండవది మొదలయింది. అతడు తరగతిలో నోరు విప్పడం మానుకొన్నాడు. తెలిసిన ప్రశ్నకు కూడా తెలియనట్లు కూర్చునేవాడు. మౌఖిక పరీక్షలో, వాక్యం మొదలుపెట్టే ముందు ఏ మాట జారిపోతుందోనన్న భయంతో విషయమే మరచిపోయేవాడు. నగరంలోని కుర్రవాళ్ల ఉచ్చారణను, ఊనికను, చివరకు నవ్వే తీరును కూడా అనుకరించసాగాడు. అరువు తెచ్చుకొన్న యాసలో సుఖం లేదు. అది ఎప్పుడు జారిపోతుందోనని నిరంతరం పట్టుకొని ఉండవలసిందే. ఒకరు నవ్వకపోయినా, ఇప్పుడు నవ్వుతారేమోనన్న ఎదురుచూపు అతనిలో ఉండేది.

అన్నిటికంటె బాధాకరమైనది ఇంకొకటి. తల్లి ప్రతి రాత్రి ఫోను చేసేవారు. పని ముగించుకొని ఇల్లు చేరి, వంట చేసి, అందరికీ పెట్టిన తరువాత ఆమెకు దొరికే పది నిమిషాల తీరిక అది. “ఏటి నాయినా, బువ్వ తిన్నావేటి?” అన్న ఆ గొంతు కొంచెం పెద్దది. దూరాన ఉన్న కొడుకుకు వినబడాలంటే గట్టిగా మాట్లాడాలని ఆమె నమ్మకం. ఒకనాడు గదిలోని మిత్రులు ఆ మాటను విని, అదే స్వరంతో పలికి నవ్వారు. అతడు కూడా వారితో కలిసి నవ్వాడు. మరునాటినుంచి ఫోను మోగితే తీయడం తగ్గించాడు. తీసినా, “చదువుకొంటున్నాను” అని రెండు ముక్కలలో ముగించేవాడు.

మనిషి తన్ను తాను తక్కువగా చూచుకోవడం అక్కడితో ఆగదని ఈ సంఘటన చెబుతుంది. తన విలువను కోల్పోయినవాడు, తనకు విలువనిచ్చినవారిని కూడా తన దృష్టిలో తగ్గించుకొంటాడు. చిన్నతనం అనుకొని దాచిన ప్రతిదాని వెనుక ఒక మనిషి ఉంటారు.

సంక్రాంతి సెలవులకు అతడు ఊరికి వచ్చాడు. ఒక మధ్యాహ్నం తల్లికి అన్నం క్యారేజీ అందించడానికి కాశీబుగ్గ వెళ్లవలసి వచ్చింది. జీడిపిక్క పెంకులో చర్మాన్ని కాల్చే ఘాటైన జిడ్డు ఉంటుంది. ఎంత జాగ్రత్త పడినా అది వేళ్లకు అంటుకొంటుంది. ఏళ్ల తరబడి ఆ పని చేసినవారి చేతివేళ్ల చివరలు నల్లబడి, గరుకుబారి ఉంటాయి. పెంకు పగలాలి, లోపలి పప్పు విరగకూడదు. దెబ్బ తక్కువైతే పెంకు విడదు. ఎక్కువైతే పప్పు ముక్కలవుతుంది, ధర పడిపోతుంది. తల్లి ఇరుగు పొరుగు స్త్రీలతో మాట్లాడుతూనే, చేతి వైపు చూడకుండానే, ఆ కొలతను తప్పకుండా పని సాగిస్తున్నారు. మరొక వరుసలోనివారు నిండు పప్పును ఒక ప్రక్కకు, బద్దలను ఒక ప్రక్కకు, ముక్కలను ఒక ప్రక్కకు వేరుచేస్తున్నారు.

కొడుకును చూచి ఆమె చేతులు తుడుచుకొని లేచి వచ్చారు. “ఫోను ఎత్తడం మానేసినావేటి నాయినా? ఒంట్లో బాగుందా?” అని మాత్రం అడిగారు. అందులో నిష్ఠూరం లేదు, ఆరాటమే ఉంది. అతనికి సమాధానం దొరకలేదు. నెలల తరబడి తాను దాచిపెట్టినది ఈమెనా అన్న ఆలోచన మొదటిసారిగా మనసులో కదిలింది.

ఆ సాయంత్రం అతడు ఊరి చెరువు గట్టుమీద ఒంటరిగా కూర్చున్నాడు. ఒంటరితనం అతనికి కొత్త కాదు. వసతిగృహంలోనూ ఒంటరిగానే ఉన్నాడు. ఐతే అక్కడ అతడు తన్ను తాను నిందించుకొంటూ గడిపాడు. ఇక్కడ తన్ను తాను ప్రశ్నించుకొన్నాడు. నిందకూ ప్రశ్నకూ చాలా భేదం ఉంది. నింద ముందుగానే తీర్పు చెప్పి, తరువాత సాక్ష్యాలను వెదుక్కొంటుంది. ప్రశ్న సాక్ష్యాలను చూచి తీర్పు చెబుతుంది. ఆత్మపరిశీలన అనే మాటలోని పరిశీలన ఈ రెండవది.

అతడు వేసుకొన్న మొదటి ప్రశ్న ఇది: “నా మాటలో నవ్వవలసినది ఏముంది?” ‘ఏమిటి’ అన్న మాట వాడుకలో కుదించుకుపోయింది. నగరంలో అది ‘ఏంటి’ అయింది. శ్రీకాకుళం పల్లెలో ‘ఏటి’ అయింది. రెండూ ఒకే తల్లి బిడ్డలు. రెండూ సమానంగా చిక్కిపోయిన మాటలే. ఐనా ఒకదానిని ఎవరూ పట్టించుకోరు, మరొకదానికి నవ్వుతారు. అతని అవ్వ ‘నేను’ అనడానికి బదులు ‘నాను’ అంటుంది. ‘నాకు’, ‘నాతో’, ‘నావల్ల’ అన్నప్పుడు అందరి నోటా పలికే ‘నా’యే అందులోనూ ఉన్నది. కన్నడ దేశంలో పండితుడైనా ‘నాను’ అనే అంటాడు. ‘చెప్పు’ను పల్లెలో ‘సెప్పు’ అంటారు. ‘చేయు’ అనే క్రియను తమిళులు ‘సెయ్’ అనే పలుకుతారు. అక్కడ శిష్టమైనది ఇక్కడ మోటు ఎలా అయింది? దోషం ధ్వనిలో లేదు. దానిని పలికేవారి కులాన్ని, సంపదను, ఊరిని చూచి లోకం ధ్వనికి వెల కడుతున్నది.

ఈ ఆలోచన అతనికి ఊరట కలిగించింది. కాని ఊరట వేరు, నమ్మకం వేరు. ఇది తన్ను తాను సమాధానపరచుకోవడానికి అల్లుకొన్న వాదం కాదు కదా అన్న సందేహం వెంటనే వచ్చింది. అప్పుడు రెండవ ప్రశ్న వేసుకొన్నాడు: “మంచి మాట ఏదో, మోటు మాట ఏదో నిర్ణయించినవారు ఎవరు?”

సమాధానం కొంత టెక్కలి గ్రంథాలయంలో దొరికింది. గిడుగు వేంకట రామమూర్తి జీవితాన్ని గురించిన ఒక చిన్న పుస్తకం అతని కంటబడింది. పేరు కొత్తది కాదు. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరిపినప్పుడల్లా బడిలో ఆ పటానికి దండ వేయడం అతడు చూచాడు. దండ వెనుక ఉన్న మనిషిని మాత్రం అంతవరకు చూడలేదు.

రామమూర్తి 1863 ఆగస్టు 29న వంశధార ఒడ్డున, శ్రీముఖలింగ క్షేత్రానికి సమీపంలోని పర్వతాలపేటలో జన్మించారు. బాల్యంలోనే తండ్రిని కోల్పోయారు. విజయనగరంలో మెట్రిక్యులేషన్ చదివారు. అక్కడ గురజాడ అప్పారావు ఆయనకు సహాధ్యాయి. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో నెలకు 30 రూపాయల జీతంపై ఉపాధ్యాయునిగా చేరారు. ముఖలింగ దేవాలయంలోని శాసనాలను పట్టుదలతో పరిశీలించి, ప్రాచీన లిపులను గురువు లేకుండానే నేర్చుకొన్నారు. శాసనాలను వరుసగా చదివినవారికి ఒక సత్యం బోధపడుతుంది. భాష ఏ కాలంలోనూ ఒకచోట నిలిచిపోలేదు. ఒక తరం తప్పు అన్నది మరొక తరానికి ఒప్పు అవుతూ వచ్చింది.

ఆ రోజులలో విద్యార్థి వ్రాయవలసిన తెలుగు వేరు, పలికే తెలుగు వేరు. పలికే తెలుగును పండితులు ‘గ్రామ్యం’ అన్నారు. గ్రామ్యమంటే గ్రామానికి చెందినదని అర్థం. వ్యాకర్తల నోట అది నీచమనే అర్థాన్ని సంతరించుకొన్నది. గురజాడ 1897లో ‘కన్యాశుల్కం’ నాటకాన్ని వాడుక భాషలో ప్రకటించారు. శిష్టుల వాడుక భాషలోనే చదువు సాగాలని గిడుగు ఉద్యమించారు, సభలలో వాదించారు, 1919లో ‘తెలుగు’ అనే పత్రికను నడిపారు. పండితులలో చాలామంది ఆయనను ఎదిరించారు. ఆయన 1940 జనవరి 22న కన్నుమూశారు. పాఠ్యపుస్తకాలలో వ్యావహారిక భాష పూర్తిగా స్థిరపడడానికి ఆ తరువాత కూడా కొన్ని దశాబ్దాలు పట్టింది.

ఈ చరిత్రలోని ఒక విషయం వద్ద విద్యార్థి ఆగిపోయాడు. నేడు నగరంలో మంచి తెలుగుగా చలామణి అవుతున్న భాషనే, తన ‘ఏటి’ని చూచి నవ్వే భాషనే, నూరేళ్ల క్రితం గ్రామ్యమని తీసిపారేశారు. నాడు దానిని వెక్కిరించినవారి స్థానంలో నేడు అదే కూర్చున్నది. ఐతే తీర్పు చెప్పే పీఠం శాశ్వతమైనది కాదు. అక్కడ కూర్చునేవారు మారుతుంటారు. అటువంటి పీఠం నుంచి వెలువడిన తీర్పును తన ప్రాణానికి సంబంధించిన సత్యంగా ఎందుకు స్వీకరించాలి?

ఇటువంటి కథ తెలుగునాట మాత్రమే జరగలేదు. నార్వేలో ఐవార్ ఆసేన్ అనే రైతు బిడ్డ 1842 నుంచి దేశమంతా తిరిగి పల్లెల మాండలికాలను సేకరించాడు. పట్టణాలలో వ్రాతకు వాడే డేనిష్ భాష ముందు ఆ పల్లె మాటలకు అంతవరకు గౌరవం లేదు. ఆసేన్ 1848లో వాటికి వ్యాకరణం, 1850లో నిఘంటువు వెలువరించాడు. ఆ మాండలికాల పునాదిపై ఏర్పడిన వ్రాతభాషకు 1885లో ఆ దేశ పార్లమెంటు సమాన ప్రతిపత్తిని ఇచ్చింది. నవ్వుకు గురైన మాటే గ్రంథస్థమై, న్యాయస్థానాలలోనూ పాఠశాలలలోనూ నిలిచింది.

ఐతే విద్యార్థి తన పరిశీలనను ఇక్కడితో ముగించి ఉంటే, దక్కేది ఆత్మగౌరవం కాదు, కేవలం ఆగ్రహం. ‘నాలో ఏ లోటూ లేదు, లోకానిదే తప్పు’ అన్న భావం కూడా మనిషిని చెరుస్తుంది. అతడు మూడవ ప్రశ్న వేసుకొన్నాడు: “నాలో నిజంగా ఉన్న లోటు ఏది?” ఈ ప్రశ్నకు నిజాయితీగా సమాధానం చెప్పుకోవడానికి ధైర్యం కావాలి. ఇంగ్లీషు పాఠాలు అతనికి సరిగా అర్థం కావడం లేదు. పదిమందిలో విషయాన్ని క్రమపద్ధతిలో వివరించే అలవాటు లేదు. అన్ని ప్రాంతాలవారికి తెలిసే సామాన్య భాషలో తప్పులు లేకుండా వ్రాయడంలో ఇంకా సాధన కావాలి. ఇవి లోట్లే. కాని ఇవి నేర్చుకొంటే తీరే లోట్లు. గిడుగు కోరినది కూడా ఎవరి ఇంటి మాటతో వారు విడిపోవాలని కాదు; అందరూ చదువుకోవడానికి అందరికీ తెలిసే భాష ఉండాలని. కనుక సామాన్య భాషను నేర్వడం తల్లి మాటకు ద్రోహం కాదు. తల్లి మాటను దాచడమే ద్రోహం.

తన దిగులులో ఇంతకాలం ఈ రెండూ కలిసిపోయి ఉన్నాయని అతనికి తెలిసింది. లోటును నేరంగా, నేరం కానిదానిని లోటుగా భావించాడు. అన్నిటినీ ఒకే మూటగా కట్టి, ఆ మూటకు ‘నేను’ అని పేరు పెట్టాడు. కాశీబుగ్గలో తల్లి పక్కన కూర్చున్న స్త్రీలు చేస్తున్న పని అతనికి గుర్తు వచ్చింది. నిండు పప్పు, బద్ద, ముక్క కలిసి ఉన్నంతవరకు దేని విలువా తెలియదు. వేరు చేసినప్పుడే తెలుస్తుంది. ఆత్మపరిశీలన కూడా అటువంటి ఏరివేతయే.

రామాయణంలో హనుమంతుడు సముద్ర తీరాన మౌనంగా కూర్చున్నప్పుడు జాంబవంతుడు అతని బలాన్ని గుర్తు చేస్తాడు. ఈ ఘట్టం అందరికీ తెలిసినదే. అతడు ఆ బలాన్ని ఎందుకు మరచాడో ఉత్తరకాండ చెబుతుంది. బాల్యంలో చేసిన అల్లరికి మునులు శపించారు. ఆ మాటవల్ల తన శక్తి తనకు తెలియకుండా పోయింది. బలం పోలేదు, దాని ఎరుక పోయింది. అది కూడా ఇతరుల మాటవల్లనే పోయింది. జాంబవంతుడు కొత్తగా ఇచ్చినది ఏమీ లేదు. ఐతే ప్రతి మనిషికీ సరైన సమయంలో ఒక జాంబవంతుడు దొరకడు. అప్పుడు శపించిన మాట ఎవరిదో, మరచిన బలం ఏదో తానే వెదుక్కోవాలి.

ఇక మిగిలినది నాల్గవ ప్రశ్న. దానిని అతడు కావాలని వేసుకోలేదు. అదే వచ్చి ఎదుట నిలిచింది. గిడుగు జీవితంలో సవరలను గురించిన అధ్యాయం చదువుతున్నప్పుడు అతనికి ఇంటర్మీడియట్ తరగతిలోని ఒక సహాధ్యాయి జ్ఞాపకం వచ్చాడు. కొండమీది సవర గూడెం నుంచి వచ్చి చదువుకొన్న కుర్రవాడు అతడు. అతని తెలుగులో ఆడ మగ భేదాలు తడబడేవి. ‘ఆమె వచ్చాడు’ అని ఒకసారి అన్నప్పుడు తరగతి అంతా గొల్లుమన్నది. నవ్వినవారిలో నందిగాం కుర్రవాడు ముందున్నాడు. ఆ మాటను నెలల తరబడి అనుకరించి నవ్వించినవారిలోనూ ఉన్నాడు. సంవత్సరం చివర ఆ సవర విద్యార్థి బడికి రావడం మానేశాడు. ఎందుకు మానేశాడో ఎవరూ అడగలేదు.

రామమూర్తి చేసిన పని ఇందుకు పూర్తిగా విరుద్ధమైనది. పర్లాకిమిడి సంతకు కొండ దిగి వచ్చే సవరలతో మైదానంవారికి మాట కలిసేది కాదు. వారికి తెలుగు రాదని నవ్వడానికి బదులు, తనకు సవర రాదని గ్రహించిన ఉపాధ్యాయుడు ఆయన. తెలుగు, సవర తెలిసిన ఒక వ్యక్తిని ఇంట ఉంచుకొని, శిష్యునివలె ఆ భాష నేర్చుకొన్నారు. సవర భాషలో పుస్తకాలు వ్రాశారు. సొంత ఖర్చుతో బడులు పెట్టారు. ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే, ఆ ధనాన్ని సవర పిల్లల బడులకు వినియోగించమని కోరారు. 1913లో రావు బహదూర్ బిరుదు లభించింది. ఆయన సవర వ్యాకరణం 1931లోను, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లోను అచ్చయ్యాయి. సవర భాష తెలుగు వలె ద్రావిడ భాష కాదు. ముండా కుటుంబానికి చెందినది. తెలుగు లింగభేదాలు ఆ బిడ్డ నోట తడబడడంలో వింత లేదు. 1936లో మంగేయ్ గొమాంగో తమ భాషకు ప్రత్యేకంగా ‘సొరాంగ్ సొంపెంగ్’ అనే లిపిని రూపొందించారు. 2012లో అది కంప్యూటర్లలో వాడే యూనికోడ్ లిపులలో చేరింది.

సవర కొండలలో తిరిగిన కాలంలో రామమూర్తికి మలేరియా సోకింది. దానికి వాడిన క్వినైన్ మూలంగా వినికిడి దెబ్బతిన్నది. ఎవరూ చెవి పెట్టని మనుషుల మాటలు వినడానికి వెళ్లి, ఆయన తన చెవులనే పోగొట్టుకొన్నారు. ఆ వాక్యం చదివిన తరువాత నందిగాం విద్యార్థి పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాడు. తన గాయాన్ని గురించి ఆలోచించడానికి వచ్చినవాడికి, తాను చేసిన గాయం కనిపించింది. వెనుక బల్లలమీద నుంచి వచ్చిన నవ్వును తాను ఎరుగుదునని, అది ఒకప్పుడు తన నవ్వేనని తెలిసింది.

ఈ ఎరుక అతనిని కుంగదీసి ఉండవచ్చు. కాని అతనిని నిలబెట్టినది అదే. తాను సవర మిత్రుని చూచి నవ్వినంత మాత్రాన ఆ మిత్రుని విలువ తగ్గలేదు. తగ్గినది నవ్విన తనదే. ఈ సూత్రం నిజమైతే, విశాఖలో తన్ను చూచి నవ్వినవారి విషయంలోనూ నిజం కావాలి. ఒకే తక్కెడలో రెండు సంఘటనలనూ తూచినప్పుడు అతనికి లభించినది ఓదార్పు కాదు, న్యాయం. న్యాయంమీద నిలిచిన ఆత్మగౌరవం ఇతరుల పొగడ్తకు ఎదురుచూడదు. ఇతరులను తక్కువ చేసి పెరగవలసిన అవసరమూ దానికి ఉండదు.

సెలవులు ముగిసి అతడు నగరానికి తిరిగి వచ్చాడు. అద్భుతం ఏదీ జరగలేదు. ‘ఏటంటే’ అన్న పేరు ఇంకా కొన్ని నెలలు వినబడింది. మొదటి రోజు తరగతిలో లేచి నిలిచినప్పుడు కాళ్లు వణికాయి. ఐనా సమాధానం పూర్తిగా చెప్పి కూర్చున్నాడు. రోజుకు ఒక గంట ఇంగ్లీషుకు కేటాయించాడు. వ్రాసినదానిని అధ్యాపకులకు చూపి దిద్దించుకొన్నాడు. తల్లి ఫోను చేస్తే గదిలోనే కూర్చుని, ఆమె మాటలో ఆమెకు సమాధానం చెప్పాడు. మిత్రులలో ఒకడు నవ్వాడు. మరొకడు, “మీ అమ్మగారు రోజూ ఇంతసేపు మాట్లాడతారా?” అని అడిగాడు. ఆ ప్రశ్నలో వెక్కిరింత లేదు. చిన్న దిగులు ఉంది. టెక్కలిలోని పాత మిత్రుల ద్వారా సవర సహాధ్యాయి జాడ తెలుసుకొనే ప్రయత్నం కూడా మొదలుపెట్టాడు. అతడు దొరికితే ఏమని మాట్లాడాలో ఇంకా తెలియదు. మాట్లాడాలన్నది మాత్రం తెలుసు.

యౌవనంలో మనిషి విలువను కొలిచే తూనికలు ఎన్నో ఎదురవుతాయి. మార్కులు, రంగు, దుస్తులు, డబ్బు, ఇంగ్లీషు, యాస. ఇవన్నీ బయటివారి చేతిలోని తూనికలు. వాటిని పూర్తిగా కాదనడం సాధ్యం కాదు, అవసరమూ కాదు. కాని ఏ తీర్పునైనా హృదయంలోనికి అనుమతించే ముందు దానిని వాకిట నిలబెట్టి అడగవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. ఈ మాట ఎవరిది? ఇందులో నిజమెంత? ఆ నిజంలో నేను నేర్చుకొని సరిదిద్దుకోగలిగినది ఎంత? ఇదే మాటతో నేను మరొకరిని గాయపరచానా? మొదటి మూడు ప్రశ్నలు మనిషిని దిగులునుంచి కాపాడతాయి. నాల్గవది అహంకారం నుంచి కాపాడుతుంది. ఈ నాల్గింటికీ దాచకుండా సమాధానం చెప్పుకొన్నవాడు ఎవరి ఎదుటనైనా తన మాట తాను చెప్పగలడు. ఎదుటివాని మాటనూ చివరిదాకా వినగలడు.